మా పాత ట్రక్కుకి ఆయుధపూజ

దసరా వచ్చిందంటే మనవాళ్ళ గరాజుల్లో కార్లకి పసుపు కుంకుమలు పడతాయి. టైర్ల కింద నిమ్మకాయలు నలుగుతాయి. కొబ్బరికాయ బానెట్ మీద కొడితే గీత పడుతుందని పక్కన సిమెంటు నేల మీద కొడతాం. హారతి ఇచ్చి, ఫోటో తీసి, ఇండియాలో అమ్మానాన్నలకి పంపించి, లోపలికి వెళ్ళి పులిహోర తింటాం. పండుగ అయిపోయినట్టే.

నిజానికి ఆయుధపూజలో బొట్టు పెట్టడం ఆఖరి అంకం. మన ఊళ్ళల్లో వడ్రంగి ముందు తన బాడిసెకి పదును పెట్టుకునేవాడు. దర్జీ కుట్టుమిషన్ విప్పి, దూది దుమ్ము దులిపి, నూనె చుక్కలు వేసేవాడు. రిక్షా అతను గొలుసు కడిగి గ్రీజు రాసేవాడు. ముందు శుభ్రం, ఆ తరువాత బొట్టు. మనం సముద్రాలు దాటి వచ్చేటప్పుడు బొట్టు వెంట తెచ్చుకుని, శుభ్రం మాత్రం వర్క్‌షాపు వాళ్ళకి ఒప్పజెప్పాం. ఈ రెండింటినీ మళ్ళీ కలపవచ్చని, అందుకు ఒక పాత బండి, ఒక శనివారం, కాస్త ఓపిక చాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా బండిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఉగాదికి స్టేజి చెక్కలు, వినాయక చవితికి విగ్రహం, పిక్నిక్కుకి మడత బల్లలు, బిర్యానీ ట్రేలు మోసుకొచ్చే ముదురు ఆకుపచ్చ పికప్ ట్రక్కు అదే. 1994 ఫోర్డ్ ఎఫ్-150. మా వీధి చివర ఉండే పెద్దాయన ఫ్లోరిడా వెళ్ళిపోతూ నాకు అమ్మారు. కూరగాయల మడులకి ఎరువు తోలుకోవడానికి అని కొన్నాను గాని, కొన్నాళ్ళకే సంఘం వారి ఆస్థాన వాహనం అయిపోయింది లెండి.

పాతదే ఎందుకు?

దీని ఇంజను ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే 4.9 లీటర్ల రకం. 300 క్యూబిక్ అంగుళాలు కనక ఇక్కడి మెకానిక్కులు "త్రీ హండ్రెడ్ సిక్స్" అంటారు. 1965 నుంచి 1996 దాకా తయారయింది. దాదాపు 150 హార్స్‌పవర్, అంతే. ఈనాటి మధ్యరకం కారుకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కానీ తక్కువ వేగంలో లాగే బలం దీని ప్రత్యేకత. మన ఊరి దున్నపోతు లాంటిది, పరిగెత్తదు గాని ఎంత బరువైనా కదిలిస్తుంది. దీనికి టైమింగ్ బెల్టు లేదు, గొలుసూ లేదు. క్యామ్‌షాఫ్ట్‌ని పళ్ళచక్రాలే తిప్పుతాయి. అంచేత బెల్టు తెగుతుందన్న బెంగ లేదు.

అంతకన్నా ముఖ్యం, బానెట్ ఎత్తితే ఇంజను కనపడుతుంది. కొత్త కార్లలో కనపడేది ప్లాస్టిక్ మూత. ఇందులో చెయ్యి పెట్టడానికి చోటుంది, పానా తిప్పడానికి సందుంది.

ఇంకో సంగతి. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే కార్లకి, చిన్న ట్రక్కులకి ఓ.బి.డి.-2 అనే ఉమ్మడి పరీక్షా పద్ధతి తప్పనిసరి అయింది. చిన్న స్కానర్ తగిలిస్తే బండి తన జబ్బు కోడ్ నంబరు చెబుతుంది. మా ట్రక్కు దానికి రెండేళ్ళు పెద్దది. దీని పద్ధతి వేరు. పరీక్షా కనెక్టర్లో రెండు పిన్నుల్ని చిన్న తీగతో కలిపి, తాళంచెవి తిప్పితే "చెక్ ఇంజన్" దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకులు లెక్కపెట్టుకోవాలి. ఒకటి, ఒకటి, ఒకటి అని వస్తే 111, అంటే ఆ పరీక్షలో లోపమేదీ దొరకలేదని. మా అమ్మాయికి ఇది మహా ఇష్టం. కాగితం పెన్సిలు పట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా గంభీరంగా కూర్చుంటుంది.

పానా పట్టుకునే ముందు

మా ఆవిడ పిల్లల డాక్టరు. ఆవిడ ఆస్పత్రిలో చేతులు కడుక్కోవడానికి ఎంత విలువ ఇస్తారో, గరాజులో కింది నాలుగు నియమాలకి అంత విలువ ఇవ్వాలి.

ఒకటి, జాకీ బండిని ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. జాకీ మీద ఉన్న బండి కిందికి తల కూడా పెట్టకూడదు. గట్టి సమతల నేల మీద, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, బండి బరువుకి తగ్గ జాక్ స్టాండుల మీదకి దించాలి. దించాక గట్టిగా ఊపి చూడాలి. ఊడదీసిన చక్రాన్ని చట్రం కింద పడుకోబెడితే అది ఆఖరి అడ్డు.

రెండు, ఉంగరాలు, కంకణాలు, వాచీ తీసెయ్యాలి. జాతకరీత్యా పెట్టుకున్న పగడపు ఉంగరమైనా సరే. బ్యాటరీ ధన ధృవానికీ బండి ఇనుముకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, ఏ గ్రహమూ అడ్డురాదు.

మూడు, బ్యాటరీ విప్పేటప్పుడు రుణ ధృవం ముందు, బిగించేటప్పుడు రుణ ధృవం చివర.

నాలుగు, కళ్ళకి అద్దాలు. తుప్పు పట్టిన బండి కింద పడుకుంటే రాలేదంతా కళ్ళలోకే.

దసరా పనులు

మా మిషిగన్‌లో దసరా నాటికి మేపుల్ ఆకులు ఎర్రబడుతుంటాయి. ఇంకో ఐదారు వారాల్లో రోడ్ల మీదకి ఉప్పు లారీలు వస్తాయి. డెట్రాయిట్ నగరం కింద దాదాపు 1200 అడుగుల లోతున ఉప్పు గని ఉందని, రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ తవ్వుతారని చెబితే మన పిల్లలు నమ్మరు. ఆ ఉప్పు మంచు కరిగించి మన ప్రాణాలు కాపాడుతుంది, అదే నీళ్ళలో కలిసి బండి ఇనుమును తినేస్తుంది. అంచేత శీతాకాలానికి ముందు బండి ఒళ్ళంతా చూడడానికి దసరాని మించిన ముహూర్తం లేదు. పైగా మా రాష్ట్రంలో ఏటా బండి తనిఖీ చేయించాలన్న చట్టం లేదు. మనం చూసుకోకపోతే చూసే నాథుడు ఉండడు.

ఆయిల్ మార్చడం అన్నిటికన్నా సులువు. ఈ ఇంజనుకి ఫిల్టరుతో కలిపి 6 క్వార్టులు పడుతుంది. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు కింది బోల్టు విప్పి పాత ఆయిల్ దించాలి. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. పాత ఫిల్టరు రబ్బరు ఇంజనుకే అతుక్కుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడాలి. పాత ఆయిల్ కాలవలో పొయ్యకండి. ఒక గాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచెయ్యగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఇ.పి.ఏ. చెబుతుంది. విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగా తీసుకుంటాయి.

స్పార్క్ ప్లగ్గులు ఆరు. ఒక్కొక్కటి తీసి, కొత్తదాని సందు 0.044 అంగుళాలు ఉందో లేదో గేజితో చూసి, ఒక్కొక్కటే పెట్టాలి. తీగలన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో గుర్తుండదు. ఈ ఇంజను వెలిగే వరుస 1-5-3-6-2-4. మా అమ్మాయి దీన్ని ఎక్కంలా అప్పజెబుతుంది.

తరువాత చట్రం కింద అంతా కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, లానోలిన్ కలిసిన నూనె చిమ్ముతాం. లానోలిన్ అంటే గొర్రె ఉన్నిలోంచి తీసే జిడ్డు. గొర్రెని వానలో తడవకుండా కాపాడేదే మా ట్రక్కుని ఉప్పునీళ్ళ నుంచి కాపాడుతుంది. వాసన మాత్రం మూడు రోజులు ఉంటుంది. ఆ మూడు రోజులూ మా ఆవిడ గరాజులోకి రారు.

బ్రేకుల గొట్టం

రెండేళ్ళ క్రితం దసరాకి ఇలాగే కింద పడుకుని టార్చిలైటు వేసి చూస్తుంటే, వెనక బ్రేకులకి వెళ్ళే సన్నటి ఉక్కు గొట్టం చట్రానికి క్లిప్పుతో తగులుకున్న చోట పొలుసులు పొలుసులుగా లేచి కనపడింది. వేలితో తడిమితే తడి. ఆ వచ్చే వారమే పండుగ సామాను మొయ్యాలి.

ఈ గొట్టం సంగతి కొంచెం చెప్పాలి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ద్రవాన్ని గొట్టాల గుండా నాలుగు చక్రాలకీ తోస్తుంది. మాస్టర్ సిలిండర్లో రెండు అరలుంటాయి. మా ట్రక్కులో ఒకటి ముందు చక్రాలకి, ఒకటి వెనక వాటికి. వెనక గొట్టం పగిలినా ముందు బ్రేకులు మిగులుతాయి. కానీ పెడల్ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది, బండి ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది. వెనక నిండా బరువు, ముందు ఎర్రదీపం ఉన్నప్పుడు ఇది అవుతుందనుకోండి! నలుగురి ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఆ గొట్టం స్థానంలో మళ్ళీ ఉక్కుదే వేస్తే మళ్ళీ ఉప్పు తింటుంది. అందుకని రాగి, నికెల్ కలిసిన లోహపు గొట్టం వేశాం. ఇది తుప్పు పట్టదు, చేత్తో వంచినా వంగుతుంది. ఉత్త రాగి గొట్టం మాత్రం వాడకూడదు, ఆ ఒత్తిడికీ అదురుకీ అది అలిసిపోయి పగులుతుంది. 25 అడుగుల చుట్ట, కొత్త నట్లు కలిపి యాభై డాలర్ల లోపే అయింది. గొట్టం అంచుని గరాటాలాగా రెండు మడతలు వెయ్యాలి. దీన్ని డబుల్ ఫ్లేర్ అంటారు. మడత వెయ్యకముందే నట్టు గొట్టానికి ఎక్కించి ఉంచుకోవాలి. ఆ పనిముట్టుని విడిభాగాల దుకాణం వాళ్ళు డిపాజిట్ తీసుకుని అరువిచ్చారు, తిరిగి ఇచ్చాక డబ్బు వెనక్కి ఇచ్చేశారు. ముందు పనికిరాని ముక్కల మీద పది మడతలు అభ్యాసం చేసి, ఆ తరువాతే అసలుదాని మీద చెయ్యి వేశాం. మధ్యలో తుప్పు పట్టిన ముక్క కోసేసి కంప్రెషన్ ఫిట్టింగుతో అతుకు వెయ్యడం నీళ్ళ పైపుకి చెల్లుతుంది, బ్రేకుకి చెల్లదు.

గొట్టం మార్చాక లోపలి గాలి తియ్యాలి. ఇది ఇద్దరు చేసే పని. గాలి నలుగుతుంది, ద్రవం నలగదు. లైన్లో గాలి బుడగ ఉంటే పెడల్ దూదిని తొక్కినట్టు మెత్తగా దిగుతుంది. మా అమ్మాయి సీట్లో కూర్చుంది, నేను కింద. "తొక్కు", "తొక్కాను నాన్నా", "పట్టుకో", "పట్టుకున్నాను". అప్పుడు చక్రం దగ్గర చిన్న స్క్రూ వదులు చేస్తే బుడగలతో ద్రవం వస్తుంది. మళ్ళీ బిగించి "వదులు" అంటాను. స్క్రూ బిగించకముందు పెడల్ వదిలితే గాలి వెనక్కి లాగేస్తుంది. మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రం ముందు. కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. మధ్యమధ్య పైన డబ్బాలో ద్రవం తగ్గకుండా నింపుతూ ఉండాలి.

ఈ ద్రవానికి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. వేడి బ్రేకుల దగ్గర అది మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్ళీ గాలి బుడగే. అందుకే మూత తీసిన డబ్బా ఏడాదిపాటు అటకమీద దాచుకోకండి. ఇంకో మాట. పాత బ్రేకుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, నోటితో గాని గాలి పంపుతో గాని ఊదకూడదు. తడిపి తుడవాలి.

పని అయ్యాక చక్రాలు బిగించడానికి టార్క్ రెంచి వాడాలి. ఈ బండికి దాదాపు 100 పౌండ్-అడుగులు. నట్లు నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించి, కొన్ని మైళ్ళు నడిపాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. ఆ రోజు మా వీధిలోనే పది మైళ్ళ వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూసి, అప్పుడు పెద్ద రోడ్డెక్కాం.

దీపాలకి వెలుగు

నేను చదివింది ఎలక్ట్రికల్ కనక నాకు నచ్చిన మార్పు ఇది. రాత్రిపూట ఈ ట్రక్కు హెడ్‌లైట్లు ఆముదపు దీపాల్లా ఉండేవి. బల్బులు మార్చినా అంతే. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, బల్బు దగ్గర 12.4. మిగతా 1.7 వోల్టులు ఏమయ్యాయి? కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చిదాకా వచ్చి, మళ్ళీ సన్నటి తీగల్లో దీపాలదాకా వెళుతుంది. దారి పొడుగునా ఆ తీగలు, పాత స్విచ్చి, తుప్పు కనెక్టర్లు తలా కాస్త తినేస్తున్నాయి. పదో తరగతిలో చదివిన ఓమ్ నియమమే.

వోల్టేజి 12 శాతం తగ్గితే వెలుగు కూడా 12 శాతమే తగ్గుతుందనుకుంటాం. అలా కాదు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికి సుమారు 3.4 ఘాతంగా మారుతుంది. అంటే 12 శాతం తగ్గితే వెలుగులో మూడో వంతు పోయినట్టే.

దీనికి మందు రెండు రిలేలు. యజమాని చీటీ రాసి పంపితే గోడౌన్ నుంచి బస్తాలు నేరుగా బండికెక్కుతాయి చూడండి, అలాంటి ఏర్పాటు. పాత స్విచ్చి చీటీ మాత్రం పంపుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో నేరుగా దీపానికి వెళుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు లేని తీగ నిప్పుపుల్ల లాంటిది. పని అయ్యాక బల్బు దగ్గర 13.8 వచ్చింది. అదే బల్బులతో రోడ్డు కొత్తగా కనపడింది. హాలోజెన్ దీపాల్లో ఎల్.ఇ.డి. బల్బులు పెట్టే ఫ్యాషన్ ఒకటి ఉంది. ఆ అద్దాలు వాటికోసం చేసినవి కావు. వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళు చీకట్లు కమ్ముతాయి, దాని జోలికి పోలేదు.

చెయ్యనివి, చెయ్యకూడనివి

సొంతంగా చేసుకోవడమంటే అన్నీ చేసెయ్యడం కాదు. ఏ.సి. గ్యాస్ పని ముట్టుకోను. దాన్ని గాలిలోకి వదలడం నేరం, డబ్బు తీసుకుని ఆ పని చేసేవాళ్ళకి ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. పెట్రోలు ట్యాంకు దింపడం, ఎయిర్‌బ్యాగు విప్పడం కూడా వర్క్‌షాపుకే. చేతనైన మెకానిక్కుని వెతికి పట్టుకుని, ఆయన అడిగింది ఇచ్చి చేయించుకోవాలి. కాస్త తెలిసినవాడికే ఆ పనిలో ఎంత నేర్పు ఉందో కూడా తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మా ఇంట్లో ఈ వేసవిలో వచ్చింది. మా రాష్ట్రంలో 14 ఏళ్ళ 9 నెలలకే పెద్దవాళ్ళు పక్కనుండగా నడిపే మొదటి స్థాయి లైసెన్సు ఇస్తారు. "ఈ ట్రక్కు నాకిచ్చెయ్యండి నాన్నా, దీని ప్రతి బోల్టూ నాకు తెలుసు" అంది మా అమ్మాయి. మాట నిజమే. కానీ మా ఆవిడ అడిగింది ఒక్కటే, "ఏమండీ, బ్రేకులు బాగుచేశారు, దీపాలు బాగుచేశారు, లేనిదాన్ని ఎలా బాగుచేస్తారు?"

ఆవిడ మాటలో న్యాయం ఉంది. 1994 ట్రక్కుకి ఎయిర్‌బ్యాగు డ్రైవరుకి ఒక్కటే. పక్కవాళ్ళకి లేదు, తలుపుల వైపు లేదు. జారే రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి తప్పనిసరి అయింది. ఒక్క బండే ప్రమాదానికి లోనయ్యే సందర్భాల్లో ప్రాణాపాయాన్ని అది దాదాపు సగానికి తగ్గిస్తుందని భద్రతా సంస్థ ఐ.ఐ.హెచ్.ఎస్. తేల్చింది. కొత్తగా నడిపే పిల్లలకి ఆ సౌకర్యం ఉన్న బండే ఇమ్మంటుంది ఆ సంస్థ. దీన్ని గరాజులో పానాతో బిగించడం ఎవరివల్లా కాదు. అంచేత మా నిర్ణయం ఇది: అమ్మాయి రిపేరు నేర్చుకునేది ట్రక్కు మీద, డ్రైవింగ్ నేర్చుకునేది వాళ్ళమ్మ కొత్త కారు మీద. రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మూడో రోజు ఆ కారు టైర్ల గాలి ఒత్తిడి తనే కొలిచి, ఒకదాంట్లో తక్కువుందని చెప్పింది.

కొత్త కారున్నవారికి

ఇదంతా పాత బండి వాళ్ళకే అనుకోకండి. సొంతంగా ఆయిల్ మార్చుకుంటే వారంటీ పోతుందని భయపెట్టేవాళ్ళున్నారు. 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ ఒక్క కారణంతో వారంటీ రద్దు చెయ్యడానికి వీల్లేదు. ఆయిల్, ఫిల్టరు రసీదులు, తేదీ, మైళ్ళు ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. బయటి మెకానిక్కులకీ యజమానులకీ రిపేరు సమాచారం ఇవ్వాలని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటువేసి చట్టం తెచ్చుకున్నారు. హేన్స్, చిల్టన్ మాన్యువళ్ళు చాలా పబ్లిక్ లైబ్రరీల్లో దొరుకుతాయి. బండి 17 అక్షరాల విన్ నంబరు కొడితే రీకాల్స్ ఏమైనా మిగిలాయేమో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఉచితంగా చూపిస్తుంది. మరీ పాత బండ్లకి తయారైన సంవత్సరం, మోడల్ పేరుతో కూడా వెతకాలి.

చేతికి మసి

మనలో చాలామందిది ఒకటే పెంపకం. "చదువుకో, లేకపోతే మెకానిక్ షెడ్డులో చేరాల్సి వస్తుంది" అని బెదిరించి చదివించారు మన పెద్దలు. వాళ్ళ ఆరాటం వాళ్ళది, తప్పు పట్టను. కానీ ఆ బెదిరింపులో చేతిపని అంటే శిక్ష అన్న భావం మనలోకి ఇంకిపోయింది. థర్మోడైనమిక్స్ పరీక్షలో ఫస్టు మార్కులు వచ్చినవాడు పిస్టన్‌ని ముట్టుకోకుండానే ఇంజనీరు అయిపోయాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని, చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పే మేస్త్రీని మనం "ఒరేయ్" అన్నాం. ఆయనకున్నదీ విద్యే. పట్టా లేదు, అంతే తేడా.

మన పిల్లలకి మనం ఆస్తులిస్తున్నాం, డిగ్రీలిస్తున్నాం. దానితోపాటు పని చేసే చేతిని గౌరవించే బుద్ధి కూడా ఇవ్వాలంటే ఉపన్యాసాలు చాలవు. గోళ్ళ సందుల్లో మసి పట్టాలి.

కనక ఈ దసరాకి ఒక చిన్న మనవి. బొట్టు పెట్టే ముందు ఒక గంట కేటాయించండి. పిల్లల్ని పిలవండి. టైర్లలో గాలి కొలవండి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. వైపర్లు మార్చండి. అన్ని దీపాలూ వెలుగుతున్నాయో లేదో ఒకళ్ళు లోపల, ఒకళ్ళు బయట నిలబడి చూడండి. బండి కిందికి దూరకుండానే చేసే పనులివన్నీ. ఆ తరువాత చేతులు కడుక్కుని, శుభ్రమైన పానాకీ బండికీ కలిపి కుంకుమ పెట్టండి. అమ్మవారు తప్పకుండా సంతోషిస్తుంది. టార్క్ రెంచి, జాక్ స్టాండులు కావలసినవారు మా ఇంటికి రండి, అరువిస్తాను. తిరిగి ఇచ్చేటప్పుడు తుడిచి ఇస్తే చాలు.

సభ్యులందరికీ విజయదశమి, దీపావళి శుభాకాంక్షలు.